ఒంటినిండా బొబ్బలు లేస్తే కారణం ఎలా పట్టుకుంటాం

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. మీ బావకు 34 ఏళ్లు, ఫిట్స్ వచ్చాయని 19 రోజుల కింద కార్బమజెపిన్ మొదలుపెట్టారు. ఐదు రోజుల కింద జ్వరం, గొంతునొప్పి, కళ్లల్లో మంట. ఊళ్లో ఆర్‌ఎంపీ ఆయన ఒక సూది వేసి పారాసిటమాల్ ఇచ్చాడు. మర్నాడు పెదాలు పగిలాయి, ఛాతీ మీద ఎర్రమచ్చలు లేచాయి, ఇప్పుడు వీపంతా బొబ్బలు. మహారాష్ట్రలో తెలంగాణ సరిహద్దున ఉన్న సిరొంచ నుంచి చంద్రపూర్ తెచ్చి దవాఖానలో చేర్పించారు. డాక్టర్ మందు పడలేదన్నారు, మీ పెద్దమ్మ అమ్మవారు పోసిందంటోంది, మీవాళ్లు మాత్రం ఆ సూది వేసినాయన ఇంటి మీదికి పోదామని కూర్చున్నారు. అసలు కారణం ఎలా తేలుస్తారని నీ ప్రశ్న.

దానికి జవాబు పొడుగ్గానే చెప్తాను కానీ ముందు ఒక పని చెయ్. ఇది చదవగానే వార్డులోకి పోయి కార్బమజెపిన్ నిజంగా ఆగిందో లేదో చూడు. దవాఖాన చిట్టీలో ఆపేసి ఉంటుంది, ఇంటివాళ్లు మాత్రం "ఫిట్స్ గోలీ ఒక్కపూట కూడా మానొద్దన్నారు" అని సంచిలోంచి తీసి చాటుగా వేస్తుంటారు. ప్రేమతోనే వేస్తారు, తెలియక వేస్తారు, నేను చాలాసార్లు చూశాను. ఫిట్స్ మళ్లీ వస్తాయేమోనన్న భయం న్యాయమైనదే, అందుకే దాని బదులు వేరే మందు ఇస్తారు, లెవెటిరాసెటామ్ లాంటిది. ఫెనిటాయిన్, ఫెనోబార్బిటాల్, ఆక్స్‌కార్బజెపిన్ మాత్రం ఇవ్వకూడదు, అవి కార్బమజెపిన్‌కు దగ్గరి చుట్టాలు. ఒకటి పడనివాళ్లకు రెండోది కూడా పడకపోయే ప్రమాదం ఉంది. ఈ ముక్క వార్డులో డాక్టర్‌కు తెలిసే ఉంటుంది, అయినా రాత్రి డ్యూటీలో ఫిట్స్ వస్తే కంగారులో ఎవరైనా ఫెనిటాయిన్ సూది అందుకోవచ్చు, కాబట్టి కేస్ పేపర్ మీద పెద్ద అక్షరాలతో రాయించు.

నా సంగతి రెండు ముక్కల్లో. పుట్టింది అంకీసా పక్కన, చర్మ వైద్యం చేస్తున్నది చంద్రపూర్‌లో, 22 ఏళ్లయింది. మీ బావ లాంటి జబ్బు అరుదు. పది లక్షల మందిలో ఏడాదికి ఒకరో ఇద్దరో, కొన్ని లెక్కల్లో ఇంకాస్త ఎక్కువ. చర్మం ఊడేది ఒంటి మీద 10 శాతంలోపు ఉంటే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటాం, 30 శాతం దాటితే టాక్సిక్ ఎపిడెర్మల్ నెక్రోలైసిస్, మధ్యలో ఉన్నది రెండూ కలిసినది. రోగి అరచెయ్యి వేళ్లతో సహా ఒంట్లో ఒక శాతం, అలా కొలుస్తాం. పేర్లు రెండైనా జబ్బు ఒక్కటే. మొదటి రకంలో పదిమందిలో ఒకరి దాకా, రెండో రకంలో ముగ్గురి దాకా పోతారు. అందుకే కారణం పట్టుకోవడం ఇక్కడ సగం వైద్యం.

ఇప్పుడు నీ ప్రశ్న. కారణం పట్టుకునేది రక్తపరీక్షతో కాదు, క్యాలెండర్‌తో.

ఎందుకో చెప్తాను. కొత్త మందు ఒంట్లోకి పోగానే ఈ జబ్బు రాదు. కొందరి ఒంట్లో ఆ మందు ముక్క మన కణాల మీద అతుక్కుని, మన రక్షక కణాలకు శత్రువులా కనబడుతుంది. వాటిని టీ కణాలంటారు. అవి దాన్ని గుర్తుపట్టి, ఒకటికి పది, పదికి వేలు అయ్యి, చర్మం మీద పడి చంపడం మొదలుపెట్టాలంటే రోజులు పడుతుంది. అందుకే మొదటిసారి వాడిన మందైతే మామూలుగా నాలుగు రోజుల నుంచి 28 రోజుల మధ్యలో జబ్బు బయటపడుతుంది, కొందరికి ఎనిమిది వారాల దాకా. అంతకుముందే ఒకసారి అదే మందు పడక, తెలియక మళ్లీ వేసుకుంటే మాత్రం సైన్యం సిద్ధంగానే ఉంటుంది కాబట్టి గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో విరుచుకుపడుతుంది. రెండేళ్లుగా రోజూ వేసుకుంటున్న బీపీ గోలీ మీద అనుమానం చాలా తక్కువ. నిన్న రాత్రి మొదటిసారి వేసిన గోలీ మీద కూడా తక్కువే.

ఇక్కడే జనం మోసపోయేది. ఈ జబ్బు చర్మంతో మొదలవదు. ఒకటి నుంచి మూడు రోజుల ముందు జ్వరం, గొంతునొప్పి, కళ్ల మంట, ఒళ్లు నొప్పులతో మొదలవుతుంది, అచ్చం ఫ్లూ లాగా. జ్వరం అని ఎవరైనా ఏం చేస్తారు, పారాసిటమాల్ వేసుకుంటారు, సూది వేయించుకుంటారు, ఒక యాంటీబయాటిక్ మింగుతారు. మర్నాడు చర్మం లేస్తుంది. దాంతో ఆ సూదే కారణమని అందరూ ఒట్టేసి చెప్తారు. సూది వేసేనాటికే జబ్బు లోపల మొదలైపోయింది తమ్ముడూ. ఆ జ్వరమే జబ్బు.

మీ బావ లెక్క చూడు. కార్బమజెపిన్ మొదలై 19 రోజులు, జ్వరం మొదలై ఐదు. అంటే గోలీ మొదలుపెట్టిన 14వ రోజున జబ్బు మొదలు. ఆ రోజున మందు ఒంట్లో ఉంది. ఈ జబ్బు తెచ్చే మందుల్లో ప్రపంచమంతా ఒప్పుకున్న పేరు అది. 2010 నుంచి మేము అల్డెన్ అనే లెక్క వాడుతున్నాం, ఒక్కో మందుకు మార్కులు వేస్తాం. 5 నుంచి 28 రోజుల మధ్య మొదలైతే మూడు మార్కులు, పేరుమోసిన మందైతే ఇంకో మూడు, మొత్తం ఆరు గానీ అంతకుమించి గానీ వస్తే దాదాపు అదే అని అర్థం. కార్బమజెపిన్‌కు ఇక్కడే ఆరు వచ్చాయి. జబ్బు మొదలయ్యాక ఇచ్చిన మందుకు మైనస్ మూడు. ఆ సూదికీ, పారాసిటమాల్‌కూ మొదటి మెట్టు మీదే మైనస్ పడింది. అంటే ఆ ఆర్‌ఎంపీ ఆయన మీదికి పోవడం తప్పు. ఆయన సూదులు వేయొచ్చా అన్నది వేరే మాట, దాని మీద నా అభిప్రాయం గట్టిదే, కానీ ఈ బొబ్బలు ఆయన తెచ్చినవి కావు. మీ అన్నదమ్ములకు ఈ పేరా చదివి వినిపించు.

క్యాలెండర్ అన్నాను కదా, అది గీయడం పైకి కనబడేంత సులువు కాదు. "ఏం మందులు వాడుతున్నారు?" అని అడిగితే మన ఊళ్లల్లో జవాబు "ఏం లేవు సార్" అనే వస్తుంది. నా మొదటి ఏళ్లలో నేనూ అలాగే అడిగి అలాగే నమ్మాను. అహేరి వైపు నుంచి ఒక నడివయసు మనిషి వచ్చాడు, ఒళ్లంతా బొబ్బలు, ఏ మందూ వాడలేదంటాడు. మూడు రోజులు వైరస్ అనీ ఇంకోటనీ కొట్టుకున్నాం. నాలుగో రోజు వాళ్లావిడ ఏదో మాటల మధ్యలో, "జ్వరం క్యాంపులో రక్తం చూసి గోలీలు ఇచ్చిపోయారు, అది ఎప్పటి మాటో" అంది. మలేరియా గోలీలు. గడ్చిరోలిలో మలేరియా ఎంతో నీకు చెప్పక్కర్లేదు. ఫాల్సిపారం అనే ప్రమాదకరమైన రకం మలేరియాకు మన ప్రాంతంలో చాలా ఏళ్లుగా ఇచ్చే మందులో ఆర్టెసునేట్‌తో పాటు మొదటి రోజు ఒకే ఒక్కసారి సల్ఫాడాక్సిన్ పైరిమెథమిన్ ఉంటుంది. సల్ఫాడాక్సిన్ సల్ఫా జాతి మందు, ఒంట్లో సగానికి తగ్గడానికే వారం దాకా పడుతుంది. ఒక్కరోజు మింగింది రెండు వారాల తర్వాత కూడా ఒంట్లో ఉంటుంది. ఆయన దృష్టిలో అది మందు "వాడటం" కాదు, ఎప్పుడో ఒకసారి మింగి మర్చిపోయినది. ఆ మూడు రోజులు నా తప్పే, అడగాల్సిన మాట నేను సరిగ్గా అడగలేదు. దీన్ని చూసి మలేరియా గోలీలు మానేయకండి, మలేరియా చంపేంత మందిని ఈ బొబ్బలు ఎన్నటికీ చంపవు. అడిగేటప్పుడు గుర్తుంచుకోవాలి, అంతే.

అప్పటినుంచి నేను మందులని అడగను. "రెండు నెలల నుంచి ఒంట్లోకి పోయినవన్నీ చెప్పు, గోలీ, సూది, కంట్లో చుక్కలు, పసరు, పొడి, క్యాంపులో ఇచ్చింది, పక్కింటాయన ఇచ్చింది" అని అడుగుతాను. తేదీలు ఎవరికీ గుర్తుండవు, అందుకే తునికాకు కల్లం మొదలయ్యే ముందా తర్వాతా, కాళేశ్వరం పోయొచ్చాకనా, ఏ వారం సంత, పెళ్లికి ముందా, ఇలా పట్టుకుంటాను. గంట పడుతుంది. ఆ గంట ఏ పరీక్షకైనా విలువైనది.

ఇంకో సంగతి, స్ట్రిప్పులు. ఒక పెద్దమ్మ, యాభై దాటి ఉంటాయి, మోకాళ్ల నొప్పులని ఎవరో ఇచ్చిన గోలీలు వేసుకుంది. కూతురు ఇంట్లోంచి పాత బిస్కెట్ డబ్బా మోసుకొచ్చి నా టేబుల్ మీద బోర్లించింది. గ్యాస్ గోలీలు, ఎవరివో షుగర్ గోలీలు, ఎండిపోయిన ఆయింట్‌మెంట్ ట్యూబు, వాటి మధ్యలో కత్తెరతో కత్తిరించిన రెండు గోలీల ముక్క. ఒక అంచున పేరులో చివరి నాలుగు అక్షరాలు మాత్రమే మిగిలాయి, తేదీ లేదు, కంపెనీ లేదు. వెనక్కి తిప్పి వెలుగులో పెట్టి చూస్తే రేకు మీద అచ్చు నొక్కు పడి "100 ఎంజీ" అని కనబడింది. అల్లోప్యూరినాల్. రక్తంలో యూరిక్ యాసిడ్ కాస్త ఎక్కువుందని ఎవరో మొదలుపెట్టారు, ఆమెకు గౌట్, అంటే యూరిక్ యాసిడ్ కీళ్లలో చేరి వచ్చే జబ్బు, లేనే లేదు, అరిగిపోయిన మోకాళ్లంతే. మొదలుపెట్టి 22 రోజులు. అంతదాకా అందరూ తిడుతున్నది జ్వరానికి వేసిన సూదిని. ఆమె బతికింది, ఒక కన్ను మాత్రం ఇప్పటికీ వెలుగును ఓర్చుకోలేదు, నీళ్లు కారుతుంది. అందుకే మెడికల్ షాపులో రెండు గోలీలే కొన్నా పేరున్న వైపు నుంచి కత్తిరించమని అడగండి, ఇవ్వకపోతే కాగితం మీద రాయించుకోండి. ఇంట్లో ఖాళీ స్ట్రిప్పులు కూడా పారేయకుండా రెండు నెలలు ఒక కవర్లో వేసి ఉంచండి.

మేము ముందుగా అనుమానించే మందులు చెప్తాను, భయపడటానికి కాదు, వెతకడానికి. ఫిట్స్ మందుల్లో కార్బమజెపిన్, ఫెనిటాయిన్, ఫెనోబార్బిటాల్, లామోట్రిజిన్. అల్లోప్యూరినాల్. సల్ఫా మందులు, కోట్రైమాక్సజోల్ అందులోదే. హెచ్‌ఐవీకి ఇచ్చే నెవిరపిన్. నొప్పుల గోలీల్లో మెలాక్సికామ్, పిరాక్సికామ్. పెద్దవాళ్లలో ఎక్కువ కేసులు వీటి చుట్టే తిరుగుతాయి. పిల్లల్లో అయితే మందు లేకుండా మైకోప్లాస్మా అనే దగ్గు క్రిమి వల్ల కూడా నోరు, కళ్లు పుండ్లుపడి అచ్చం ఇలాగే కనబడుతుంది, చర్మం మీద మాత్రం తక్కువగా ఉంటుంది. కొందరిలో ఎంత వెతికినా ఏమీ దొరకదు, అదీ నిజమే.

ఇదంతా అసలు అది ఈ జబ్బే అయితే. బొబ్బ లేచిందల్లా మందు పడక లేచింది కాదు, మన వైపు మరీను.

ఆసరెల్లి నుంచి ఒక కుర్రాడిని తెచ్చారు. మోకాలి నుంచి మడమ దాకా పెద్ద పెద్ద బొబ్బలు, పైనుంచి కిందికి చారలు చారలుగా. కేస్ పేపర్ మీద మరాఠీలో కాలిన గాయం అని రాసి ఉంది, ఎవరో యాసిడ్ పోశారని బంధువుల్లో గుసగుస, పోలీసుల దాకా పోయేట్టుంది. నేను దగ్గరికి పోయి చూస్తే బొబ్బల మధ్యలో మోకాలి చిప్ప మీద శనగగింజంత నల్లటి మరక, కడిగితే పోనిది. తెలుగులో అడిగాను, "జీడి పెట్టించుకున్నావా?" తల దించుకున్నాడు. ఆటలో మోకాలు బెణికిందని వాళ్ల తాత నల్లజీడి గింజను సూదికి గుచ్చి దీపం మీద కాల్చి నూనె చుక్కలు పెట్టాడు. నూనె కారిన దారంతా బొబ్బలు. మరాఠీలో దాన్నే బిబ్బా అంటారు. చాకలివాళ్లు బట్టల మీద గుర్తు పెట్టేది దీనితోనే. దాని పెంకులో ఉండే నూనె చర్మాన్ని తినేస్తుంది, ఒకసారి పడనివాళ్లకు రెండోసారి ఇంకా ఎక్కువ. అంతకుముందు చూసిన డాక్టర్ పుణె వైపు నుంచి కొత్తగా వచ్చినాయన, బిబ్బా ఆయనకు తెలుసు, జీడి అంటే తెలియదు, కుర్రాడికి బిబ్బా అన్న మాట నోటికి రాలేదు. సరిహద్దులో రెండు భాషల మధ్య ఇలా జారిపోయేవి ఎన్నో. పసరు పెట్టుకున్నా, జీడి పెట్టుకున్నా సిగ్గుపడకుండా చెప్పండి, డాక్టర్ కోప్పడితే పడనివ్వండి.

వానాకాలంలో ట్యూబ్‌లైట్ చుట్టూ తిరిగే సన్నటి పురుగు ఒకటుంది, చీమంత సన్నగా నలుపూ ఎరుపూ పట్టీలతో. అది కుట్టదు, మెడ మీద వాలితే మనమే నలిపేస్తాం, దానిలోని రసం పారిన చోట మర్నాడో ఎల్లుండో గీత గీసినట్టు ఎర్రబడి పొక్కుతుంది. మోచేతి మడతలో అయితే ముడిచినప్పుడు తాకిన రెండో వైపు కూడా అదే అచ్చు పడుతుంది. ఒంటికి ఒకపక్కనే పట్టీలా గుంపుగా లేచి మంట పుడితే సర్పి. అమ్మవారు పోసినప్పుడు పొక్కులు చిన్నవి, ఒకేసారి రావు, కొన్ని కొత్తవి కొన్ని ఎండినవి పక్కపక్కనే ఉంటాయి, పొక్కులు పొక్కులుగానే ఉంటాయి కానీ మధ్యలోని చర్మం ఊడదు. మీ పెద్దమ్మను తప్పుపట్టకు, ఆమెకు తెలిసిన బొబ్బల జ్వరం అదే. కానీ వేపాకు పరిచి మూడు రోజులు దవాఖానకు తేకుండా ఉంచేది ఈ మాటే. దాని వల్ల పోయిన మనుషుల్ని చూశాను.

మందు వల్లే వచ్చేది ఇంకో రకం ఉంది, ఇది చాలామందికి తెలిసి ఉంటుంది పేరు తెలియకపోయినా. విరేచనాల గోలీ వేసుకున్న ప్రతిసారీ పెదవి మీదో, మర్మాంగం మీదో, చేతి మీదో అదే చోట మచ్చ నల్లబడి బొబ్బ లేస్తుంది, తగ్గాక నల్లమచ్చ మిగులుతుంది. ఓఫ్లాక్సాసిన్ ఆర్నిడజోల్ కలిసిన గోలీలు, నొప్పి గోలీలు, సల్ఫా, ఇవి తెస్తాయి. ఇక్కడ 28 రోజుల లెక్క పనిచేయదు, గంటల్లోనే వస్తుంది, ఎందుకంటే ఆ సైన్యం ఆ మచ్చలోనే కాపురం పెట్టి కూర్చుంది. మళ్లీ మళ్లీ వేసుకుంటూ పోతే మచ్చలు పెరిగి పెరిగి ఒకరోజు ఒంటినిండా పెద్ద బొబ్బలవుతాయి. "ఆ గోలీ వేస్తే పెదవి మండుతుంది" అని ఎవరైనా అంటే తేలిగ్గా తీసుకోకండి.

ఐదేళ్లలోపు పిల్లలకు ఒళ్లంతా ఎర్రబడి, ముట్టుకుంటే ఏడ్చి, చర్మం పలచగా ఊడుతుంటే నోటిలోపల చూడాలి. లోపల శుభ్రంగా ఉంటే అది సాధారణంగా స్టాఫ్ క్రిమి విషం, యాంటీబయాటిక్‌తో నయమవుతుంది. వయసు మళ్లినవాళ్లకు వారాల తరబడి దురద పెట్టి, గట్టిగా బిగిసిన బొబ్బలు లేచి, నోరు బాగుంటే అది పెమ్ఫిగాయిడ్ కావచ్చు, షుగర్‌కు వాడే విల్డాగ్లిప్టిన్ లాంటి మందులు కొందరిలో దాన్ని తెస్తాయి, అది నెలల తర్వాత కూడా రావచ్చు. ఇక నోట్లో పుండ్లు మూడు నాలుగు నెలలుగా మానక, బి కాంప్లెక్స్ గోలీలు మింగీ మింగీ, ఆ తర్వాత ఒంటి మీద మెత్తటి బొబ్బలు లేచి పచ్చిపుండ్లు పడితే పెమ్ఫిగస్. అది నెలల జబ్బు, మీ బావది రోజుల జబ్బు. ఎన్ని రోజులుగా ఉందన్న ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది.

రోగి దగ్గర నేను చూసేవి కొన్నే. దురదా నొప్పా? మామూలు దద్దురు దురద పెడుతుంది, ఇది నొప్పి పెడుతుంది, దుప్పటి తగిలినా ఓర్చుకోలేరు. నోరు, కళ్లు, మూత్రం పోసే చోటు, వీటిలో రెండు పాడైతే నా అనుమానం బలపడుతుంది. మచ్చ మధ్యలో బూడిద రంగు తిరిగిందా? బొబ్బ పక్కన బాగున్న చోట బొటనవేలితో మెల్లగా నొక్కి పక్కకు జరిపితే ఉడికిన చామగడ్డ తోలులా పైపొర జారిపోతుందా? జారితే తోలు నిలబడే బలం పోయిందని అర్థం. పెమ్ఫిగస్‌లోనూ జారుతుంది, కాబట్టి ఇదొక్కటీ చాలదు. ఇంట్లో ఎవరూ నొక్కి చూడకండి, ఊడిన ప్రతి అంగుళం పుండే.

ఇంకా సందేహం ఉంటే చర్మం ముక్క తీస్తాం, నాలుగు మిల్లీమీటర్లు, బియ్యపు గింజంత. గోడను ఊహించుకో. పైన సున్నం పొర మాత్రమే రాలిందా, ప్లాస్టర్ మధ్యలో చీలిందా, ప్లాస్టర్ బాగానే ఉండి ఇటుక మీది నుంచి మొత్తంగా లేచిందా, లేక ప్లాస్టర్ అంతా చచ్చి పిండైందా? స్టాఫ్ విషంలో మొదటిది, పెమ్ఫిగస్‌లో రెండోది, పెమ్ఫిగాయిడ్‌లో మూడోది, మీ బావ జబ్బులో నాలుగోది. ఒక చిన్న సంగతి, ఇది మారుమూల నుంచి శాంపిల్ పంపేవాళ్లకు. పెమ్ఫిగస్ తేల్చడానికి ఇమ్యునోఫ్లోరసెన్స్ అనే పరీక్ష ఉంది, చర్మం మీద దాడి చేసే యాంటీబాడీలను మెరిసేలా చేసి చూపిస్తుంది. దానికి పంపే ముక్క, మామూలుగా శాంపిళ్లు నిల్వచేసే ఫార్మలిన్‌లో వేస్తే పాడవుతుంది. దానికి వేరే ద్రావణం ఉంటుంది, అది లేకపోతే మామూలు సలైన్‌లో వేసి ఒకరోజులో చేర్చాలి. ముక్క కూడా బొబ్బ మీద కాదు, పక్కన బాగున్న చర్మం నుంచి తీయాలి. ఫార్మలిన్‌లో వేసి నాగ్‌పూర్ దాకా పంపి, వారం తర్వాత పనికిరాదని తెలిసి మళ్లీ తీసినవి ఉన్నాయి.

ఏ మందో తేల్చే రక్తపరీక్ష ఉందా అని అడిగావు. ఖచ్చితంగా చెప్పేది లేదు. కోలుకున్నాక కొన్నాళ్లకు వీపు మీద పట్టీలు వేసి చూసే పరీక్ష ఒకటుంది, తేలితే నమ్మొచ్చు, తేలకపోతే ఆ మందు మంచిదని కాదు. "మళ్లీ ఒక గోలీ వేసి చూద్దాం" అన్నది మాత్రం ఈ జబ్బులో ఎవరూ ఎన్నడూ చేయకూడదు. కార్బమజెపిన్ విషయంలో ఒక జన్యువు ఉంది, హెచ్‌ఎల్‌ఏ బి 1502, తైవాన్‌లో 2004లో దాన్ని పట్టుకున్నారు, మన దేశంలోనూ కొందరు రోగుల్లో కనబడింది. అది ఉన్నవాళ్లకు ప్రమాదం చాలా ఎక్కువ, లేనివాళ్లకు అసలు రాదని కాదు. ఇది రక్తసంబంధీకుల్లో ఉండొచ్చు కాబట్టి మీ బావ అన్నదమ్ములకూ పిల్లలకూ ఎప్పుడైనా ఫిట్స్ మందు రాయాల్సి వస్తే ఈ సంగతి ముందే చెప్పాలి.

వార్డులో ఏం చేస్తున్నారో నువ్వు రాయలేదు. మందు ఆపడం, కాలిన రోగిలా చూడటం, గది వెచ్చగా ఉంచడం, సలైన్, అంటుకోని డ్రెస్సింగ్, నోటితో తినలేకపోతే ముక్కు గొట్టం, ఇవి ముఖ్యం. స్టెరాయిడ్, సైక్లోస్పోరిన్ లాంటి రోగనిరోధక శక్తిని అణిచే మందుల గురించి డాక్టర్లలో రకరకాల అభిప్రాయాలున్నాయి, దాని మీద వాళ్లతో వాదించకు. పసుపు, వేపాకు రసం, బూడిద, కొబ్బరినూనెలో ఏదో కలిపింది, ఇవేవీ పుండ్ల మీద పడనివ్వకు. చర్మం ఇంకా ఊడుతుంటే మరో ఊరికి తీసుకుపోవాల్సి రావచ్చు, నాగ్‌పూర్ అయినా వరంగల్ అయినా. భాష కోసం వరంగల్ అనుకుంటారు మనవాళ్లు, అర్థం చేసుకోగలను, కానీ దారి పొడవు చూసుకుని, 108 బండిలో, ముందే ఫోన్ చేసి బెడ్ ఉందో లేదో కనుక్కుని కదలండి. ప్రైవేట్ కారులో వెనక సీటు మీద పడుకోబెట్టి తీసుకుపోవద్దు, సీటు తోలుకు వీపు అంటుకుని వస్తుంది.

బయటపడ్డాక, జేబులో పట్టే అట్ట మీద తెలుగులో, మరాఠీలో, ఇంగ్లిష్‌లో మూడింట్లో మందు పేరు, దాని చుట్టాల పేర్లు, జబ్బు పేరు, తేదీ రాయించి లామినేషన్ చేయించు. బ్రాండ్ పేరు ఒక్కటే రాస్తే లాభం లేదు, అదే మందు ఇరవై పేర్లతో అమ్ముతారు. దవాఖానవాళ్లు ఈ కేసును ఫార్మకోవిజిలెన్స్‌కు, అంటే మందుల వల్ల జరిగిన చెడును నమోదు చేసేవాళ్లకు, తెలియజేశారా అని అడుగు, తెలియజేయకపోతే నువ్వే 1800-180-3024కు ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. ఘజియాబాద్‌లోని ఇండియన్ ఫార్మకోపియా కమిషన్ 2010 నుంచి నడుస్తున్న ఈ పనిని చూస్తుంది. ఎవరినో జైల్లో వేయడానికి కాదు ఇది. ఇలాంటివి లెక్కలోకి వస్తేనే ఏ మందు రాసేముందు ఏ పరీక్ష చేయాలో తేలుతుంది.

కళ్ల సంగతి చివర రాస్తున్నాను కానీ ఈ రాత్రికి అన్నిటికంటే అదే ముఖ్యం. చర్మం రెండు మూడు వారాల్లో మళ్లీ పుడుతుంది, రెప్ప లోపలి పొర, కనుగుడ్డు పైపొర మాత్రం ఒకదానికొకటి అతుక్కుపోతే చూపు పోతుంది, తర్వాత ఎంత ఖర్చు పెట్టినా పూర్తిగా రాదు. నేను చెప్పిన ఆ పెద్దమ్మకు కళ్ల డాక్టర్ వచ్చింది ఆరో రోజు. మీ బావకు కళ్లు మూసుకునే ఉన్నాయన్నావు, రెప్పలు అంటుకున్నాయన్నావు. కళ్ల డాక్టర్ ఇప్పటిదాకా చూశారా? చూడకపోతే ఈ పూటే పిలిపించమని డ్యూటీ డాక్టర్‌ను అడుగు, రెండు గంటలకోసారి చుక్కలు వేస్తున్నారో లేదో నువ్వే పక్కన ఉండి చూసుకో. రేపు పొద్దున వాళ్లేం చెప్పారో, ఒంటి మీద ఎన్ని అరచేతులంత ఊడిందో, మూత్రం ఎంత వస్తోందో ఇక్కడ రాయి.